సలాక మీది గీత ఎక్కడ పుట్టింది? తుక్కు నుంచి టీఎంటీ దాకా ఉపరితలాన్ని దశలవారీగా కనిపెట్టుకునే పద్ధతి

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గోడౌన్ కడుతున్నారు. అక్కడి నుంచి మాకు ఫోన్ వచ్చింది. 12 ఎంఎం సలాకలు కొన్ని వంచుతుంటే పొడుగ్గా నోరు తెరుస్తున్నాయట. జడ్చర్ల నుంచి నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రాడ్ బెండింగ్ మేస్త్రి పగిలిన ముక్కను గోనెసంచిలో చుట్టి దాచిపెట్టాడు. "చూడండి సారూ, దారం పెట్టి గీసినట్టున్నది. గీత వంపు బయటి దిక్కుకు వస్తే పగులుతున్నది, లోపలి దిక్కుకు పోతే మంచిగనే ఉంటున్నది" అన్నాడు. మా ల్యాబ్‌లో రాయాల్సిన మాట ఆయన నోటి నుంచి వచ్చింది.

తప్పు మా మిల్లుదే. దాని మూలం వెతకడానికి మూడు రోజులు పట్టింది. అందులో రెండు రోజులు రోలింగ్ స్టాండ్ల (ఉక్కును నొక్కి సాగదీసే రోలర్ జతల) చుట్టూ తిరిగాం, గీత కనిపించింది అక్కడి నుంచి వచ్చిన సలాక మీద కాబట్టి. అసలు కారణం కాస్టింగ్ మెషిన్ దగ్గర, మోల్డ్ (కరిగిన ఉక్కు గడ్డకట్టే అచ్చు) చుట్టూ తిరిగే నీళ్ళలో ఉంది. గీత కనిపించే చోటుకీ పుట్టే చోటుకీ మధ్య రెండు మూడు దశల దూరం ఉంటుందని ఆ మూడు రోజుల్లో బాగా అర్థమైంది. అప్పటి నుంచి మేం పాటిస్తున్న పద్ధతి ఇది. కొత్తూరు, షాద్‌నగర్, బాలానగర్, జడ్చర్ల దారిలో తుక్కును కరిగించే ఇండక్షన్ ఫర్నేస్, కరిగిన ఉక్కును బిల్లెట్లుగా (చదరపు కడ్డీలుగా) పోసే కాస్టర్, వాటిని సలాకలుగా సాగదీసే రోలింగ్ మిల్లు ఉన్న చోట్ల క్వాలిటీ పని చూసే పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పెద్ద కెమెరాలు అక్కర్లేదు. టార్చ్, సుద్దముక్క, టేపు, చేతి గ్రైండర్, ఒక యాసిడ్ తొట్టి, స్పెక్ట్రోమీటర్, ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ఉంటే చాలు.

ముందుగా ఒక లెక్క

125 మి.మీ. చదరపు బిల్లెట్ అడ్డకోత వైశాల్యం 15,625 చదరపు మి.మీ. 12 ఎంఎం సలాకది సుమారు 113. అంటే బిల్లెట్ దాదాపు 138 రెట్లు సాగుతుంది. బిల్లెట్ మీద ఉన్న 1 మి.మీ. చిల్లు సలాక మీద దాదాపు 14 సెంటీమీటర్ల గీత అవుతుంది. బిల్లెట్ మీద జానెడు కూడా లేని 10 సెంటీమీటర్ల పగులు 13.8 మీటర్లకు సాగుతుంది, 12 మీటర్ల సలాక నిలువునా గీత పడిపోతుంది.

ఈ లెక్కను ల్యాబ్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. బిల్లెట్ దగ్గర ఒక నిమిషం టార్చ్ వేసి చూడడం ఎందుకో ఎవరికీ వేరే చెప్పాల్సిన పని ఉండదు.

మొదటి మెట్టు: హీట్ నంబరు తెగిపోకూడదు

ఏ సలాక ఏ హీట్‌దో (ఒకసారి కరిగించిన ఉక్కు), ఏ స్ట్రాండ్‌దో (కాస్టర్‌లో బిల్లెట్ వచ్చే వరుస) తెలియకపోతే ఇకముందు చెప్పేదంతా వృథా. బిల్లెట్ చివరి ముఖం మీద హీట్ నంబరు, స్ట్రాండ్ నంబరు రెండూ పడాలి. చాలా చోట్ల హీట్ నంబరు ఒక్కటే వేస్తారు. లోపం మాత్రం తరచుగా ఒకే స్ట్రాండ్‌లో ఉంటుంది, మిగతావి శుభ్రంగా ఉంటాయి.

రోలింగ్‌కు ముందు బిల్లెట్‌ను వేడిచేసే రీహీటింగ్ ఫర్నేస్‌లోకి పోయాక పెయింట్ మాడిపోతుంది. అందుకే ఫర్నేస్‌లోకి తోసే వరుసను పుస్తకంలో రాయాలి, హీట్ మారిన చోట ఒక బిల్లెట్ ఖాళీ వదలాలి. ఫర్నేస్ లేకుండా కాస్టర్ నుంచి నేరుగా వేడి బిల్లెట్‌నే మిల్లుకు పంపే పద్ధతి ఉంటే, టైమ్ రాసుకోండి. కట్ట మీద ట్యాగ్ కట్టేవాడికి ఆ టైమ్, ఆ వరుస చేరాలి. షిఫ్ట్ మారే వేళే ఈ దారం తెగుతుంది. ఆ పది నిమిషాలు మీరే అక్కడ నిలబడండి.

రెండో మెట్టు: తుక్కు, కరిగింపు

ఉపరితలం గురించి మాట్లాడుతూ తుక్కు యార్డుకు పోవడమేమిటని అనిపించవచ్చు. మూడు సంగతులు అక్కడే తేలిపోతాయి.

ఒకటి రాగి. మోటారు ఆర్మేచర్లు, వైర్లు తుక్కులో కలిసిపోతే రాగి ఉక్కులోకి చేరుతుంది, ఒకసారి చేరాక దాన్ని ఫర్నేస్‌లో తీసే ఉపాయం లేదు. బిల్లెట్ వేడెక్కినప్పుడు ఇనుము ముందు ఆక్సీకరణ చెంది స్కేల్ అనే పెచ్చు అవుతుంది, రాగి స్కేల్ కింద పోగవుతుంది. రాగి 1085 డిగ్రీలకే కరుగుతుంది, రోలింగ్ వేడి అంతకంటే ఎక్కువ. ఆ కరిగిన రాగి గింజల సరిహద్దుల్లోకి దిగి, రోలర్ నొక్కగానే ఉపరితలం ఎండిన చెరువు అడుగులా చిన్న చిన్న బీటలు వారుతుంది. తగరం కూడా ఉంటే ఇంకా చెడ్డది. స్పెక్ట్రోమీటర్‌లో రాగి 0.25 శాతం దాటితే ఆ హీట్‌ను మేం విడిగా పెడతాం.

రెండు తడి. వానాకాలంలో తడిసిన తుక్కు, చెమ్మ పట్టిన స్పాంజ్ ఐరన్ హైడ్రోజన్‌ను మోసుకొస్తాయి, గడ్డకట్టేటప్పుడు అది బుడగలై చర్మం కింద నిలిచిపోతుంది. దానికంటే ముందు, నీళ్ళు నిలిచిన డబ్బా తుక్కు ఫర్నేస్‌లో పడితే పేలుతుంది, మనుషుల ప్రాణాలు పోతాయి. తుక్కు షెడ్డుకు పైకప్పు వేయించమని యజమానిని అడగడానికి ఈ ఒక్క కారణం చాలు.

మూడు ఆక్సిజన్. సిలికో మాంగనీస్, అల్యూమినియం తగినంత వేయకపోతే ఉక్కు మోల్డ్‌లో పొంగుతుంది, సూదిమొన చిల్లులు వస్తాయి. మాంగనీస్, గంధకం నిష్పత్తి కూడా చూడాలి. గంధకానికి కనీసం ఇరవై రెట్లు మాంగనీస్ ఉంటే వేడి పగుళ్ళ బెడద బాగా తగ్గుతుంది. ఎఫ్ఈ 500డి గ్రేడ్‌కు సలాకల భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ఒప్పుకునే గంధకం 0.040 శాతమే, భాస్వరం కూడా అంతే. ఇండక్షన్ ఫర్నేస్ ఈ రెండింటినీ పెద్దగా తగ్గించలేదు. కాబట్టి ఏం వేస్తున్నామో వేసేముందే చూసుకోవాలి.

మూడో మెట్టు: మోల్డ్, అంటే బిల్లెట్‌కు చర్మం పుట్టే చోటు

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. ద్రవ ఉక్కు రాగి మోల్డ్ గోడను తాకిన కొద్ది సెకన్లలో చర్మం ఏర్పడుతుంది. అప్పుడు ఏ మచ్చ పడితే అదే చివరిదాకా వెంట వస్తుంది.

మొదట టండిష్ (మోల్డ్‌లోకి ఉక్కును దింపే తొట్టి) ఉష్ణోగ్రత. ఉక్కు గడ్డకట్టే ఉష్ణోగ్రత కంటే 25 నుంచి 40 డిగ్రీలు పైన ఉంటే మంచిది. ఎక్కువైతే చర్మం పలచగా ఏర్పడి పగుళ్ళు వస్తాయి, ఒక్కోసారి చర్మం తెగి లోపలి ద్రవం కారిపోతుంది. తక్కువైతే నాజిల్ మూసుకుపోతుంది. హీట్ మొదట్లో, మధ్యలో, చివర్లో మూడుసార్లు కొలిచి రాయండి.

తర్వాత మోల్డ్‌లో మట్టం. ఎగుడుదిగుడైతే పైన తేలే స్లాగ్ (మలినాల మడ్డి) చర్మంలో చిక్కుకుని బిల్లెట్ మీద బూడిదరంగు మచ్చలుగా ఉండిపోతుంది. మోల్డ్ కదలిక వల్ల పడే అడ్డచారలు ఎలాగూ ఉంటాయి. అవి సమానంగా, లోతు లేకుండా ఉన్నాయా అన్నదే ప్రశ్న. లోతైన చార అడుగునే అడ్డపగులు మొదలవుతుంది. లూబ్రికేషన్ నూనె నాలుగు వైపులా సమానంగా దిగుతోందా అని వంగి చూడాలి. ఒక వైపు రంధ్రం పూడితే ఆ వైపు చర్మం మోల్డ్‌కు అంటుకుని చిరుగుతుంది.

ఇక నీళ్ళు. మా గీత పుట్టింది ఇక్కడే. పాలమూరు, నల్లగొండ బోర్ల నీళ్ళ సంగతి మన ఇళ్ళలో అందరికీ తెలుసు. నల్లగొండ పేరు చెబితే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, దానితోపాటు నీళ్ళు గట్టివి కూడా. నీళ్ళు కాచే గిన్నెకు అడుగున తెల్లటి పొర కట్టినట్టే, మోల్డ్ ట్యూబ్ బయటి గోడకు కూడా కడుతుంది. ఆ పొర వేడిని రాగిలా పోనివ్వదు. మా రెండో స్ట్రాండ్‌లో, నీళ్ళ గట్టితనం తీసే సాఫ్ట్‌నర్ సరిగ్గా పనిచేయని కొన్ని రోజుల్లో ఒక మూల వైపు పొర కట్టింది. ట్యూబ్ విప్పి గోరుతో గీకితే సున్నంలా రాలింది. ఆ మూల చల్లబడటం వెనకబడింది. చతురస్రంగా రావాల్సిన బిల్లెట్ ఒక పక్కకు ఒరిగి వజ్రం ఆకారం అయింది. వేడిగా మిగిలిన మూల మందకోణమై, దాని వెంట సన్నటి నిలువు పగులు పడింది.

ఇది పట్టుకోవడానికి రెండు కొలతలు చాలు. బిల్లెట్ ముఖం మీద ఎదురెదురు మూలల మధ్య దూరం రెండువైపులా కొలవండి. 125 చదరానికి అది లెక్క ప్రకారం 177 మి.మీ., మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి కొంచెం తగ్గుతుంది. రెండింటి మధ్య తేడా ముఖ్యం. మేం 6 మి.మీ. దాటిన బిల్లెట్‌ను పక్కన పెడతాం, 4 దాటితే మోల్డ్ విప్పే తేదీ ముందుకు జరుపుతాం. రెండో కొలత మోల్డ్ నీళ్ళ లోపలికి, బయటికి మధ్య ఉష్ణోగ్రత తేడా, స్ట్రాండ్ వారీగా. అది రోజురోజుకూ మెల్లగా మారుతుంటే ఊరికే వదిలేయకండి. నీళ్ళ గట్టితనం రోజూ ఉదయం పరీక్షించి, కాస్టింగ్ పుస్తకంలోనే రాయండి. వేరే పుస్తకంలో ఉంటే బిల్లెట్ చూసేవాడికి అది చేరదు. మా దగ్గర జరిగింది అదే. నీళ్ళ చెడు రీడింగ్ కాగితం మీద ఉంది, ఆ కాగితం పంప్ హౌస్‌లో ఉంది.

నాలుగో మెట్టు: చల్లారిన బిల్లెట్‌ను చదవడం

ఎర్రటి బిల్లెట్ మీద ఏమీ కనిపించదు. చల్లారాక స్కేల్ కప్పేస్తుంది. ఈ రెండింటి మధ్య నుంచి చూడటం నేర్చుకోవాలి.

చీకటి పడ్డాక వెళ్ళండి. టార్చ్‌ను బిల్లెట్‌కు ఎదురుగా పట్టుకుంటే అన్నీ చదునుగా కనిపిస్తాయి. దాదాపు ఆనించి, పక్కనుంచి వెలుగు జారేలా పట్టండి. అడ్డచారలకు నీడలు లేస్తాయి. పగులు నీడ వేరు: సన్నగా, వంకరగా, రెండు అంచులూ పదునుగా ఉంటుంది. అనుమానం ఉన్న చోట సుద్దతో చుట్టి, మరునాడు గ్రైండర్‌తో పైపొర తీయండి. మెరిసే లోహం మీద నల్లటి వెంట్రుక మిగిలితే అది పగులే. ఉలితో సన్నటి చెక్కు లేపితే, పగులు ఉన్న చోట ఆ చెక్కు రెండుగా చీలుతుంది. ఈ పరీక్ష పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్నది, ఇంతవరకు నన్ను మోసం చేయలేదు.

ప్రతి హీట్‌లో ప్రతి స్ట్రాండ్ నుంచి ఒక అడుగు ముక్క కోసి యాసిడ్‌లో వేయండి. హైడ్రోక్లోరిక్ యాసిడ్, నీళ్ళు సమపాళ్ళలో, 70 నుంచి 80 డిగ్రీల వేడి, పావుగంట నుంచి అరగంట. స్కేల్ పోయి చర్మం మొత్తం బయటపడుతుంది. చిల్లులు, పగుళ్ళు, స్లాగ్ మచ్చలు లెక్కపెట్టవచ్చు. కలిపేటప్పుడు నీళ్ళలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్ళు పోయకూడదు. తొట్టి గాలి ఆడే చోట ఉండాలి, గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి.

పగులును గ్రైండ్ చేసి తీసేస్తే సరిపోతుందా? లోతు తక్కువైతే సరిపోతుంది, కానీ గాడి ఇరుకుగా ఉండకూడదు. ఇరుకు గాడి రోలింగ్‌లో మడత పడి కొత్త గీత అవుతుంది. లోతుకు కనీసం ఆరింతల వెడల్పు ఇచ్చి అంచులు నున్నగా చేయండి. ఒకే బిల్లెట్ మీద చాలా చోట్ల గ్రైండింగ్ అవసరమైతే దాన్ని మళ్ళీ తుక్కులో వేయడమే మేలు.

ఐదో మెట్టు: రీహీటింగ్ ఫర్నేస్

బిల్లెట్ 1150 నుంచి 1200 డిగ్రీలకు వేడెక్కాలి. ఇక్కడ లోహంలో 1 నుంచి 2 శాతం దాకా స్కేల్‌గా పోతుంది. ఆ పొరతోపాటు చర్మం కింద దాగిన చిల్లులు బయటికి తెరుచుకుంటాయి. అందుకే బిల్లెట్ మీద కనిపించని చిల్లు సలాక మీద కనిపిస్తుంది. మిల్లు ఆగినప్పుడు బర్నర్లు తగ్గించకుండా వదిలేస్తే బిల్లెట్లు గంటల తరబడి మాడతాయి, స్కేల్ మందంగా అంటుకుని రోలర్ల కింద లోపలికి దిగిపోతుంది. గాలి మరీ ఎక్కువైనా అదే ఫలితం. మిల్లు ఎన్ని నిమిషాలు ఆగిందో, ఆ సమయంలో లోపల ఏ బిల్లెట్లు ఉన్నాయో రాయడం ఒక్కటే ఇక్కడ తప్పనిసరి. మొదటి స్టాండ్‌కు ముందు నీటి జెట్ ఉంటే దాని నాజిళ్ళు వారానికోసారి చూడండి.

ఆరో మెట్టు: రోలింగ్, టేపుతో స్టాండ్‌ను పట్టుకోవడం

రోలింగ్‌లో పుట్టే మచ్చలకు ఒక గుణం ఉంది. రోలర్ మీద చిన్న గాటు పడినా, పెచ్చు ఊడినా, అది ప్రతి చుట్టుకూ ఒకసారి సలాక మీద అచ్చవుతుంది. కాబట్టి మచ్చకూ మచ్చకూ మధ్య దూరం కొలిస్తే ఏ స్టాండో తెలుస్తుంది.

చివరి స్టాండ్ రోలర్ వ్యాసం, గాడి అడుగు దగ్గర, 300 మి.మీ. అనుకుందాం. చుట్టుకొలత 942. చల్లారిన సలాక మీద మచ్చ ప్రతి 94 సెంటీమీటర్లకు అటూఇటూగా వస్తే అది చివరి స్టాండ్‌దే. దాని ముందు స్టాండ్‌లో అదే వ్యాసం ఉండి, చివరి పాస్‌లో సలాక 1.2 రెట్లు సాగితే, మచ్చల దూరం 113 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఇంకా వెనక స్టాండ్ అయితే ఆ పై సాగుదలను కూడా గుణించాలి. చల్లారినప్పుడు సలాక కాస్త కుదించుకుపోతుంది, రోలర్ నుంచి బయటికొచ్చేటప్పుడు కాస్త వేగంగా జారుతుంది. ఈ రెండూ చాలావరకు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. ప్రతి స్టాండ్‌కు ఈ దూరం ముందే లెక్కగట్టి, రోలర్ మార్చినప్పుడల్లా సరిదిద్ది, కూలింగ్ బెడ్ పక్కన పట్టికగా అతికించండి.

లెక్క కూడా అక్కర్లేని ఉపాయం ఒకటుంది. సలాక మీద బ్రాండ్ అక్షరాలు చివరి రోలర్‌లోనే చెక్కి ఉంటాయి. మచ్చ ప్రతిసారీ అదే అక్షరానికి అంతే దూరంలో వస్తుంటే చివరి రోలర్‌ను చూడండి. మచ్చ అక్షరాల నుంచి జరుగుతూ పోతుంటే తప్పు వెనక స్టాండ్‌లో ఉంది.

క్రమం లేకుండా నిలువుగా సాగే గీతలు వేరు. అవి సలాకను రోలర్లలోకి నడిపే గైడ్ గీరినవి కావచ్చు, మడతలు కావచ్చు, బిల్లెట్ నుంచి వచ్చినవి కావచ్చు. గైడ్ గీత వేలితో తడిమితే గాడిలా తగులుతుంది, సాధారణంగా ఒకే వైపు, వరుసగా వచ్చే సలాకలన్నిటి మీదా ఉంటుంది. మడత గాడిలో లోహం ఎక్కువై బయటికి పొంగి, తర్వాతి పాస్‌లో ఒంటికి నొక్కుకుపోవడం వల్ల వస్తుంది. చాలాసార్లు ఎదురెదురు వైపులా జంటగా ఉంటుంది. బిల్లెట్ పగులు ఒకే వైపు, ఒకే స్ట్రాండ్ సలాకల మీద వస్తుంది. మా మిర్యాలగూడ సలాకలో ఉన్నది ఇదే. హీట్ పుస్తకం తీసి స్ట్రాండ్ వారీగా విడదీయకుండా, మొదటి రోజే గైడ్లు మార్చడంతో సమయం పోగొట్టుకున్నాం.

వేడి సలాక మీద లోపాలను పట్టే ఎడ్డీ కరెంట్ కాయిల్స్, నీలి లేదా ఆకుపచ్చ వెలుగుతో పనిచేసే కెమెరాలు పెద్ద ప్లాంట్లలో ఉంటాయి. ఉన్నవాళ్ళు వాడుకోండి. లేనివాళ్ళు ప్రతి అరగంటకు సలాకను కోసే షియర్ దగ్గర ఒక ముక్క తీసి, చల్లార్చి, చుట్టూ తిప్పి చూసి టైమ్ వేసి పెట్టండి.

ఏడో మెట్టు: నీటి పెట్టె, కూలింగ్ బెడ్

టీఎంటీ సలాక చివరి స్టాండ్ దాటగానే నీటి పెట్టెలోకి పోతుంది. పైపొర గట్టిపడి, లోపలి వేడి బయటికొచ్చి దాన్ని 600 డిగ్రీల ప్రాంతంలో మళ్ళీ మెత్తపరుస్తుంది. ఇక్కడ కూడా గట్టి నీళ్ళే శత్రువు. నాజిల్ ఒకవైపు పూడితే ఆ వైపు ఈ గట్టి పైపొర వలయం పలచబడి, సలాక కూలింగ్ బెడ్ మీద వంగుతుంది. వంగిన సలాకను చూసి స్ట్రెయిట్ చేయమనకండి. ఒక ముక్క కోసి, నున్నగా రుద్ది, నైటాల్ (నైట్రిక్ యాసిడ్, ఆల్కహాల్ కలిపిన ద్రవం) రాసి వలయం చుట్టూ సమానంగా ఉందో లేదో చూడండి.

ఎనిమిదో మెట్టు: బయటికి పంపే ముందు

మీటరు బరువు తూచండి: వ్యాసం మి.మీ.లలో వర్గం చేసి 162తో భాగిస్తే కిలోల్లో వస్తుంది, 12 ఎంఎంకు 0.89. ఐఎస్ 1786 ప్రకారం 10 ఎంఎం దాకా 7 శాతం, 10 దాటి 16 దాకా 5 శాతం, ఆపైన 3 శాతం తేడా ఒప్పుకుంటారు. బరువు తేడాతోపాటు అడ్డపళ్ళ ఎత్తు కూడా తగ్గుతుంటే రోలర్ గాడి అరిగిందని అర్థం.

వంపు పరీక్షలో ముక్కను యంత్రంలో ఎలా పెడుతున్నారో గమనించండి. అనుమానమున్న గీత వంపు బయటి వైపుకు రావాలి. లోపలి వైపుకు పోతే పరీక్ష పాసైపోతుంది, సైట్‌లో పగులుతుంది. మేస్త్రి నాకు చెప్పింది ఇదే. రీబెండ్ (వంచి వెనక్కి తీసే) పరీక్షలో లోపలి కోణం 135 డిగ్రీలు అయ్యేలా వంచి, మరిగే నీళ్ళలో అరగంట ఉంచి, చల్లార్చి, 157.5 డిగ్రీలకు వెనక్కి తీయాలి.

తుప్పు విషయంలో అనవసరమైన టెన్షన్ వద్దు. పైపైన ఎర్రబడిన సలాకను వైర్ బ్రష్‌తో రుద్దాక అన్ని పరీక్షలూ నిలబడితే, తుప్పు ఒక్కటే కారణంగా దాన్ని తిప్పికొట్టక్కర్లేదని ప్రమాణమే చెబుతోంది. కొనేవాళ్ళకు ఈ మాట ఓపికగా వివరించాలి. పగులును తుప్పు గీత అని చెప్పి పంపడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. ఆ సలాక కింద మనుషులు ఉంటారు.

తొమ్మిదో మెట్టు: ఫిర్యాదు వచ్చినప్పుడు వెనక్కి నడవడం

ముక్కను గీతకు అడ్డంగా కోసి, పాలిష్ చేసి, నైటాల్ రాసి మైక్రోస్కోప్ కింద వంద రెట్లకు పెట్టండి. మూడు ప్రశ్నలు అడగండి. గీత ఉపరితలానికి నిటారుగా దిగిందా, ఏటవాలుగా దిగిందా? ఏటవాలుగా ఉంటే మడత అయ్యే అవకాశం ఎక్కువ, రోలింగ్‌లో వెతకండి. గీత లోపల స్కేల్ నిండి ఉందా? శుభ్రంగా ఉంటే చల్లారాక పడింది. గీత అంచుల వెంట, ముదురు వలయం మధ్యలో, తెల్లటి పట్టీ ఉందా? అక్కడ కార్బన్ పోయింది. అలా పోవాలంటే పగులు ఎక్కువ సేపు అధిక వేడిలో ఉండి ఉండాలి, అంటే రీహీటింగ్ ఫర్నేస్‌లోకి పోయేనాటికే ఉంది.

మా ముక్క నిటారుగా, నల్లగా, రెండు అంచులా తెల్లటి పట్టీతో కనిపించింది. ఇది చూశాక రోలింగ్ వాళ్ళను పంపించేసి కాస్టింగ్ పుస్తకం తెరిచాం. రెండో స్ట్రాండ్ అని తేలాక, ఆ హీట్‌కు ముందూ వెనకా రోజుల్లో ఆ స్ట్రాండ్ నుంచి వచ్చి యార్డులో మిగిలిన బిల్లెట్లన్నిటి మూలలూ కొలిచాం. తేడా ఎక్కువున్నవి ఎర్ర పెయింట్ వేయించి మళ్ళీ కరిగించడానికి ఫర్నేస్‌కు పంపేశాం. గోడౌన్‌కు పోయిన కట్టల ట్యాగులు చూసి, ఇంకా వంచనివి వెనక్కి తెప్పించి వేరేవి పంపాం. కట్టేసిన స్తంభాల్లో అవి లేవని సైట్ ఇంజనీర్‌తో కలిసి ఒక్కో ట్యాగ్ సరిచూశాకే అక్కడి నుంచి బయల్దేరాను. నీళ్ళ గట్టితనం కాగితం ఇప్పుడు కాస్టింగ్ ఫోర్‌మన్ టేబుల్ మీద ఉంటుంది, ఉదయం ఆయన సంతకం పడకుండా మొదటి హీట్ పోయరు.